ఎపిడెమిక్ కావలెను

ఉదయగిరి, 2 ఏప్రిల్ 1955

వచ్చి వారమైంది. తాలూకా అంతా ఆరోగ్యంగా ఉంది. నా ఖర్మ.

నేను ఎం.బి.బి.ఎస్. ప్యాసైన డాక్టర్ని. అది చాలక మద్రాసులో డి.పి.హెచ్., అంటే ప్రజారోగ్యం డిప్లొమా, చదువుతున్నాను. మామూలు డాక్టరు ఒక్కొక్క మనిషిని విడిగా బాగు చేస్తాడు, చిల్లర దుకాణం లాగా. మాది టోకు వ్యాపారం. ఊళ్ళకు ఊళ్ళే బాగు చేస్తాం. అయితే అంతకు ముందు ఊళ్ళకు ఊళ్ళే జబ్బు పడాలి కదా. మూడు నెలలు జిల్లాలో తిరిగి ఒక అంటువ్యాధిని పట్టుకుని, అది ఎక్కడ పుట్టిందో తేల్చి థీసిస్ రాయాలి. మూలం దొరకందే మద్రాసుకు రావద్దని ప్రొఫెసరు గారి ఆజ్ఞ.

నాతో చదివే వాడొకడికి దక్షిణాదిన ఎక్కడో కలరా దొరికింది. పెళ్ళి కుదిరినంత సంబరంగా ఉత్తరం రాశాడు. నాకు ఉదయగిరి కొండ దొరికింది. పొద్దున లేస్తే అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను. ఇద్దరికీ జ్వరం లేదు.

9 ఏప్రిల్

ఇక్కడి హెల్త్ ఇన్‌స్పెక్టరు పేరు జనార్దనయ్య. ఖాకీ నిక్కరు, సైకిలు, యాభై దాటిన వయసు. నన్ను సార్ అంటాడు గానీ, ఆ సార్‌లో కొంచెం జాలి ఉంటుంది.

ఈరోజు ఒక పల్లెలో మశూచి అని కబురొచ్చింది. ఇద్దరం సైకిళ్ళ మీద ఎండలో పడి వెళ్ళాం. దారి పొడుగునా థీసిస్‌కు పేరు ఆలోచించాను. తీరా చూస్తే చెమటకాయలు. రోగి మమ్మల్ని చూసి సిగ్గుపడ్డాడు. నేను అతనికంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. తిరిగి వస్తూ జనార్దనయ్య, "పోనీలెండి సార్, బతికిపోయినాడు గదా" అన్నాడు. ఎవరు బతికిపోయినట్టో అడగలేదు.

14 ఏప్రిల్

హోటల్లో ఒకాయన గట్టిగా దగ్గాడు. ఆశతో దగ్గరికి జరిగాను. బీడీ.

18 ఏప్రిల్, ఇల్లు

నాయన కబురు పెడితే బస్సెక్కి వచ్చేశాను. మా ఊరు ఆత్మకూరు దాటి మర్రిపాడు వెళ్ళే దారిలో ఉంది. చలివేంద్రం మొదలుపెట్టాలి, మొక్కు బిడ్డ రెండేళ్ళుగా రాలేదు, ఈ ఏడు కూడా రాకపోతే అన్నం ముట్టనని అవ్వ పట్టుబట్టిందట. మొక్కు బిడ్డ అంటే నేనే. ఇరవై అయిదేళ్ళు, మీసాలున్నాయి, డాక్టరు. అయినా బిడ్డనే.

కథ ఇది. నాకు మూడేళ్ళప్పుడు ఇంట్లో సన్నిపాత జ్వరం జొరబడింది. ఇప్పటి మాటలో టైఫాయిడ్. అవ్వ ఒక మంచం మీద, నేను ఒక మంచం మీద. నా మీద ఆశ వదిలేసుకున్నారు. అప్పుడు అవ్వ ఆ జ్వరంలోనే మొక్కుకుందట. బిడ్డ బతికితే, తన చేతుల్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ఎండాకాలం దారినపోయే వాళ్ళకు తన చేత్తో మజ్జిగ పోస్తానని, ఆ బిడ్డ చేత్తో ఉప్పు కలిపిస్తానని. బతికాను. అప్పటినుంచీ ప్రతి ఎండాకాలమూ సెలవులకు వచ్చి ఉప్పు కలిపాను. మొన్న రెండేళ్ళు మద్రాసు ఆస్పత్రిలో హౌస్ సర్జన్సీ, రాలేకపోయాను. ఆ రెండేళ్ళూ నా ఫోటో ముందు పెట్టిన ఉప్పు తీసి అవ్వే వేసిందట. ఫోటోలో నేను టై కట్టుకుని ఉన్నాను. ఆ ఉప్పుకు ఇంగ్లీషు వచ్చే ఉంటుంది.

20 ఏప్రిల్

మా తోపు మలుపులో పందిరి వేశారు. పొద్దున్నే స్నానం చేసి రాగానే అవ్వ నన్ను గుండిగల ముందు కూర్చోబెట్టింది. గుప్పెడు ఉప్పు, నలిపిన కరివేపాకు, దంచిన అల్లం. మోచేతిదాకా చెయ్యి దించి కలపాలి. గరిటెతో కలిపితే మొక్కు చెల్లదు. ఒక యూనివర్సిటీ పట్టా మొత్తం మజ్జిగలో మునిగింది.

అవ్వ మజ్జిగ పులవదు. రాత్రి తోడుపెట్టిన పెరుగు తెల్లారి చిలికి, ఎక్కువ నీళ్ళు పోసి, మధ్యాహ్నం తిరిగే లోపల పోసేస్తుంది. పుల్లటి మజ్జిగ పోసేవాళ్ళు పేరు కోసం పోసేవాళ్ళని ఆమె అభిప్రాయం.

24 ఏప్రిల్

బద్వేలు రోడ్డుకు కంకర పరుస్తున్నారు. చెరువు కట్ట కింది పల్లె కూలీలంతా మధ్యాహ్నం మా పందిరి కిందికే. అనుమసముద్రంపేట దర్గాకు వెళ్ళే వాళ్ళు, లారీల వాళ్ళు, గొర్రెల వాళ్ళు కూడా. అందరూ దోసిలి పట్టి తాగేదే. వెనకటికి మాల మాదిగలకూ యానాదులకూ వెదురు బొంగులోంచి పోయించేవారట. అవ్వ ఒకరోజు ఆ బొంగును పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకుంది. నాయన అరిస్తే, "నా మొక్కులో కులం పేరు యాడుండాదిరా" అనిందట. అప్పటినుంచి ఒకే గుండిగ, ఒకే చెంబు, ఒకే చెయ్యి.

మర్రిపాడు వైపు గొర్రెల కాపరి కామయ్య రోజూ వస్తాడు. ముసలాయన. తాగి మూతి తుడుచుకుని నాకు మార్కులు వేస్తాడు. నిన్న ఉప్పు ఎక్కువట. "ఏందయ్యా డాక్టరు, సముద్రం కలిపినావా?" అన్నాడు. ఈరోజు పరవాలేదన్నాడు. యూనివర్సిటీ వాళ్ళు కూడా నన్ను ఇంత వేధించలేదు.

1 మే

ఎపిడెమిక్ లేదు. ఎండ ఉంది. థీసిస్‌లో ఎండ గురించి రాస్తే ఒప్పుకుంటారా?

6 మే

దొరికింది!

కూలీల గుడిసెల్లో జ్వరాలని పొద్దున జనార్దనయ్య మనిషిని పంపాడు. వెళ్ళి చూశాను. మునెయ్య అనే కూలీకి వారం కిందట మొదలైన జ్వరం మెట్లెక్కినట్టు రోజూ కొంచెం కొంచెం ఎక్కింది. నాలుక మీద తెల్లటి పూత. ప్లీహం చేతికి తగిలింది. పక్క గుడిసెల్లో ఇంకొందరు. పుస్తకంలో బొమ్మ వేసినట్టు టైఫాయిడ్. జనార్దనయ్య భుజం తట్టాను. ఆయన నా ముఖం చూసి, సంతోషమే గానీ కొంచెం అవతలికి వచ్చి నవ్వండి సార్, వాళ్ళు చూస్తా ఉండారు అన్నాడు.

మునెయ్య భార్య తిరుపాలమ్మ నిజంగానే చూస్తూ ఉంది.

నవ్వు ఆపేశాను. ఇంటికి వచ్చాక కూడా అది మళ్ళీ రాలేదు.

8 మే

నెల్లూరునుంచి టైఫాయిడ్ మందు క్లోరోమైసెటిన్ తెప్పించాను. నాయన అడగ్గానే డబ్బిచ్చాడు. మునెయ్యకు మొదలుపెట్టాను.

12 మే

విసుగొస్తోంది. మూలం దొరకడం లేదు.

పడినవాళ్ళందరినీ అడిగాను. ఏ బావి నీళ్ళు? ఒక్కొక్కరిది ఒక్కొక్క బావి. ఏ హోటలు? హోటలుకు వెళ్ళే స్తోమత లేదు. పెళ్ళి భోజనమా, తిరునాళ్ళలో మిఠాయా, సంతలో ముంజలా? లేదు, లేదు, లేదు. ఎవరి ఇంట్లో వాళ్ళ సంగటి. లారీ క్లీనరు ఒకడు పడ్డాడు, వాడికి ఈ పల్లెతో చుట్టరికమే లేదు. దర్గాకు వచ్చిన ఒక కుటుంబంలో ఇద్దరు పడ్డారని ఆత్మకూరు ఆస్పత్రినుంచి తెలిసింది. వీళ్ళందరికీ కలిసే చోటు ఏది? గోడకేసి తల కొట్టుకుందామంటే పందిరికి గోడ కూడా లేదు.

14 మే, మధ్యాహ్నం

మునెయ్యను చూడటానికి వెళ్ళినప్పుడు తిరుపాలమ్మను వందోసారి అడిగాను. మీరంతా కలిసి ఎక్కడా ఏమీ తినలేదా, తాగలేదా అని.

ఆమె విసుక్కుంది. "యాడ తాగుతాం సామీ, మీ పందిట్లోనేగా. అది గూడా చెప్పాల్నా? మీ అవ్వ పోసేది మీకు తెలవదా యేంది?"

ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి చెప్పలేదు. నేను ఒక డాక్టరుగా అడిగాననుకున్నాను. వాళ్ళు ఓబులమ్మ మనవడికి జవాబిచ్చారు.

సాయంత్రం

కాగితం లేకుండానే లెక్క తేలిపోయింది. కూలీలు, క్లీనరు, దర్గా వాళ్ళు: అందరూ మా పందిరి కింద దోసిలి పట్టినవాళ్ళే. టైఫాయిడ్ తగ్గిన కొందరిలో దాని క్రిమి, బాసిల్లస్, పోదు. పిత్తాశయంలో కాపురం పెడుతుంది. మనిషికి ఏ బాధా ఉండదు, ఏళ్ళ తరబడి పక్కవాళ్ళకు పంచుతూ ఉంటాడు. కారియర్ అంటారు. పుస్తకాల్లో ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళు. వంట చేసేవాళ్ళు, పాలు పితికేవాళ్ళు.

మజ్జిగ పులిసి ఉంటే ఆ పురుగు అంతసేపు బతికేది కాదు. అవ్వ పిసినారి అయి ఉంటే ఎంత బాగుండేది.

15 మే

నాయనకు చెప్పాను. మా నాయన మాలకొండయ్య పంచాయతీ ప్రెసిడెంటు. ఇంట్లో కూడా ప్రెసిడెంటే. మొత్తం విని, మీసం తుడుచుకుని అడిగాడు: "ఇన్నేండ్లూ మా యమ్మ పోసింది పుణ్యం గాదు, జ్వరమంటావు. అదేనా నువ్వు మద్రాసులో నేర్చింది?"

అదే అన్నాను.

"ఆ మాట ఆమెకు నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు" అని తుండు భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయాడు. ప్రెసిడెంట్లు ఇందుకే ఎన్నికవుతారు.

16 మే

ఈరోజు నేను చేసిన పని మా కాలేజీ సిలబస్‌లో లేదు. మా అవ్వను దొడ్డికి వెళ్ళి సీసాలో తెమ్మన్నాను.

మొదట ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. అర్థమైంది. చేటలో బియ్యం ఆగిపోయాయి. "నీ ముడ్డి కడిగిన చెయ్యిరా ఇది. ఇప్పుడు నాది సీసాలో పట్టి మద్రాసుకు పంపుతావా? ఆడ దొరలు దాన్ని చూస్తారా?" అనింది. దొరలు వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయింది, ఇప్పుడు చూసేది మనవాళ్ళే అన్నాను. అది ఇంకా సిగ్గుచేటంది.

తర్వాత నెమ్మదిగా మునెయ్య గురించి చెప్పాను. జ్వరం గురించి, కారియర్ గురించి. అవ్వ తన రెండు చేతులూ వొళ్ళో పెట్టుకుని చూసుకుంది. అడిగింది: "నా చేత్తోనే అంటావా?" కావచ్చు అన్నాను. కావచ్చు అనేది సైన్సు మాట. అవునని చెప్పే ధైర్యం లేనప్పుడు వాడతాం.

చివరికి ఒప్పుకుంది. నేను కూడా ఇస్తేనే. ఆ జ్వరం ఇద్దరికీ వచ్చిందే గదా, నన్నొక్కదాన్నే ఎందుకు బజారుకీడుస్తావు అనింది. సరే, పోల్చడానికి ఒక కంట్రోల్ ఉండాలి, అది నేనే అన్నాను. సీసాల మీద ఎ, బి అని రాశాను. ఎ అంటే అవ్వ. బి అంటే బిడ్డ.

రిపోర్టు వచ్చేదాకా అవ్వ గుండిగ ముట్టకూడదు. పందిరి మూసేద్దామంటే, కూలీలు ఎండలో కుంట నీళ్ళు తాగాలి, అది ఇంకో రోగం. మొక్కు నా ప్రాణం కోసమే కదా, నేనే పోస్తాను అన్నాను. అవ్వ కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి మంచిది నాయనా" అనింది.

17 మే

పార్సెలు నెల్లూరు బస్సులో పంపాను. అందులో ఏముందని కండక్టరు అడిగాడు. గవర్నమెంటు పని అన్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. మీ అవ్వ పెట్టిన ఊరగాయా అన్నాడు. దాదాపు, అన్నాను.

21 మే

చలివేంద్రం నేనే నడుపుతున్నాను. ఉప్పూ నేనే, పోసేదీ నేనే. మొదటిరోజు కార్బాలిక్ సబ్బుతో మోచేతులదాకా తోముకుని వచ్చాను. తాగిన ప్రతివాడూ మొహం చిట్లించాడు. మజ్జిగ ఆస్పత్రి వాసన కొడుతుందట. కామయ్య మూడు దోసిళ్ళు తాగేవాడు ఒక దోసిలితో ఆపి, "డాక్టరయ్యా, మందు ఎప్పుడన్నా తాగుతాం గానీ ఇప్పుడు మజ్జిగ పొయ్యి" అన్నాడు. అవ్వ దూరంనుంచే కేక వేసింది, మొక్కు మజ్జిగకు సబ్బు కొవ్వు తగలకూడదని. రెండోరోజు నుంచి వట్టి నీళ్ళతో కడుక్కున్నాను. నా చేతికేం, ఎం.బి.బి.ఎస్. చెయ్యి.

అవ్వ వసారాలో కూర్చుని రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. నేను వస్తే లోపలికి వెళ్ళిపోతుంది.

26 మే

మునెయ్య లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు. తిరుపాలమ్మ మొదటిసారి నన్ను చూసి నవ్వింది.

31 మే

లెక్క కుదరడం లేదు. అవ్వ చెయ్యి తీసేసి రెండు వారాలు. కొత్త జ్వరాలు తగ్గాలి. పెరిగాయి. పల్లెలో మళ్ళీ కొందరు, లారీల వాళ్ళు ఇద్దరు. కామయ్య కూడా పడ్డాడు. ఎప్పుడో అంటుకున్నది ఇప్పుడు బయటపడుతోందేమో. ఇన్‌క్యుబేషన్ మూడు వారాలదాకా పోవచ్చు. పోవచ్చు. పుస్తకం మళ్ళీ చదివాను. పుస్తకం నాతో ఏకీభవించింది.

జనార్దనయ్య వచ్చాడు. ఈ చుట్టుపక్కల ఏటా ఎండాకాలం ఇట్లాంటి జ్వరాలు మామూలేనట. మొన్న రెండేళ్ళు మాత్రం ఒక్కటీ లేదట. వానలు బాగా పడినందుకని ఆయన నమ్మకం. ఆ రెండేళ్ళూ కూడా అవ్వ పోస్తూనే ఉందే అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. కారియర్లు అన్నివేళలా బాసిల్లస్‌ను వదలరు, వదిలి వదిలి వదులుతారు, ఇంటర్మిటెంట్ అంటాం అని వివరించాను. పాపం ఆయన నోట్లో తిప్పుకుని తిప్పుకుని ఆ మాట నేర్చుకున్నాడు.

5 జూన్

కామయ్య చనిపోయాడు. పేగు తూటు పడింది. మందు మర్రిపాడు చేరేసరికి ఆలస్యమైంది.

8 జూన్

రిపోర్టు వచ్చింది.

ఎ: నెగటివ్. బి: పాజిటివ్.

సీసాలు మారిపోయాయి. అంతే. మద్రాసులో ఎవడో నిద్రమత్తులో చీటీలు తారుమారు చేశాడు. ఈ దేశంలో ఒక్కడైనా తన పని తాను సరిగ్గా చేస్తాడా? టెలిగ్రాం కొట్టాను. మళ్ళీ రెండు సీసాలు పంపుతున్నాను. ఈసారి ఎ బి కాదు, పూర్తి పేర్లు, తెలుగులో ఇంగ్లీషులో, చెరగని సిరాతో, నా సంతకంతో.

అవ్వను రెండోసారి అడగాల్సి వచ్చింది. సీసా తీసుకుని వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

9 జూన్

పొద్దున గుండిగల దగ్గరికి వెళ్ళాను. ఉప్పు తీసుకున్నాను. చెయ్యి పైనే ఆగిపోయింది.

సీసాలు మారిపోయాయి కదా?

ఉప్పు మళ్ళీ దాని కుండలోనే వేసి, పందిరి మూసేశాను. ఎందుకని నాయన అడిగాడు. మజ్జిగ పులిసిందన్నాను.

13 జూన్

మృగశిర వచ్చినా ఎండ తగ్గలేదు. రోడ్డు పని మాత్రం ఆగలేదు. తిరుపాలమ్మ ఇంటికే వచ్చి వాకిట్లో నిలబడింది. కుంటలో నీళ్ళు పచ్చగా ఉండాయి, పశువులు పండుకుంటాయి, అవి వడగట్టి తాగుతున్నాం, మీ పందిరి ఎందుకు మూసేసినారు అని అడిగింది. అవ్వ నా వైపు చూసింది. నేను పై కప్పు వైపు చూశాను. తిరుపాలమ్మ వెళ్ళిపోతూ, పెద్దోళ్ళు పుణ్యం పుచ్చుకునేదానికి గూడా వేళలుండాయి గామాల అని అందరికీ వినబడేటట్టు అంది. సరిగ్గా తగిలింది.

నీళ్ళు మరగబెట్టి తాగమన్నాను. "కట్టెలు మీరిస్తారా?" అంది. ఒక బండి కట్టెలు పంపాను. నా పబ్లిక్ హెల్త్ ఇప్పటికి కట్టెలదాకా ఎదిగింది.

17 జూన్

రెండు వారాలు తిరక్కముందే థీసిస్ పూర్తిచేసి రమ్మని కాలేజీ నుంచి ఉత్తరం. రాయడానికి కూర్చున్నాను. మూలం అని పైన రాశాను. కింద ఏమీ రాయలేదు.

ఒక సంగతి మాత్రం ఇక్కడ రాసుకోవాలి. ఎనిమిది రోజులే అయినా, పందిరి మూసినప్పటినుంచీ కొత్త జ్వరం ఒక్కటే. అదీ మూయక ముందే మజ్జిగ తాగిన మనిషికి. ఆ రెండేళ్ళు నేను మద్రాసులో ఉన్నాను. వానలకు ఏ సంబంధమూ లేదు.

నాకు ఇంతకంటే ముందే తెలుసు. ఉప్పు పైన చెయ్యి ఆగినప్పుడే తెలుసు.

24 జూన్

ఓబులమ్మ: నెగటివ్. చంద్రశేఖర్: పాజిటివ్.

కింద ఎవరో ఎర్ర సిరాతో రాశారు: రెండు పరీక్షలూ కలుస్తున్నాయి, సీసాలు మారలేదు.

25 జూన్

అవ్వకు చెప్పాను.

ఎదురుగా కూర్చుని, జోకులు వేయకుండా, మొత్తం చెప్పాను. ఆ జ్వరం ఆమెలోంచి వెళ్ళిపోయింది, నాలో ఉండిపోయింది. ప్రతి ఎండాకాలమూ నేనొచ్చి ఉప్పు కలిపినప్పుడల్లా అది గుండిగలో పడింది. నేను రానప్పుడు పడలేదు. ఆమె చేతిలో ఏ దోషమూ లేదు. అయిదు వారాలకు పైగా ఆమెను వసారాలో కూర్చోబెట్టి, అందులో మూడు వారాలకు పైగా ఆ దోషాన్ని నేనే పోశాను.

ఆమె మొదట అడిగింది ఇది: "అయితే నా చెయ్యి మంచిదేనా?" మంచిదే అన్నాను. చేతులు తిప్పి చూసుకుంది. కొంచెం సంతోషించింది కూడా, చూశాను. అంతలో ఆ సంతోషానికి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అనింది: "బిడ్డ బతకాలని మొక్కినా. జ్వరం పోవాలని మొక్కలా. ఆ ఒక్క మాట మరిచినానురా శేఖరా."

మొక్కు సరిగ్గానే ఉంది, మొక్కుకు పాథాలజీ తెలియదు అన్నాను. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇక నీ చెయ్యి ఉప్పులో పెట్టనివ్వను, నేనే కలుపుతాను, నేనే పోస్తాను అనింది. మొక్కు చెల్లుతుందా అని అడిగాను. "చెల్లకపోతే ఆ తప్పు నా మీద. నువ్వు మాత్రం గుండిగల కాడికి రాబాక." అన్నం ముట్టనని బెదిరించి మరీ నన్ను పిలిపించుకున్న మనిషి.

కామయ్య ఇంటికి నువ్వు చెప్తావా, నేను చెప్పేదా అని మళ్ళీ తనే అడిగింది. నేనే అన్నాను.

26 జూన్

మర్రిపాడు వెళ్ళాను. కామయ్య భార్య మస్తానమ్మ గొర్రెల దొడ్డి ఊడుస్తూ ఉంది. చెప్పాను. బాసిల్లస్, పిత్తాశయం, మజ్జిగ, నా చెయ్యి. ఎంత తేలిక మాటల్లో చెప్పాలో అంత తేలిక మాటల్లో చెప్పాను. చివరికి, మీ ఆయన చావుకు నేనే కారణం అన్నాను.

ఆమె చీపురు పక్కన పెట్టింది. "పోండి సామీ, మజ్జిగ పోసినోడు చంపుతాడా యాడన్నా? ఎండ కొట్టింది. వొద్దన్నా ఎండలో తిరిగినాడు, చెప్తే వినే మనిషా?" అనింది. కాదమ్మా, నా వల్లనే అన్నాను. మళ్ళీ చెప్పాను. ఆమె నన్ను ఓదార్చింది. మీరు ఎండనబడి వచ్చినారు, మొహం వాడిపోయినాది, కూర్చోండి అని నులక మంచం వాల్చింది. ఎదురింటి వాళ్ళు కూడా వచ్చి ఓదార్చారు. ఒకాయన, పెద్ద చదువులు చదివితే ఇట్లాగే అన్నీ నెత్తిన వేసుకుంటారని చెప్పాడు.

ఒక్కరైనా తిట్టలేదు. తిట్టమని నేను ఎట్లా అడిగేది? రోగమెట్లా పాకుతుందో వీళ్ళకు చెప్పడానికే కదా నన్ను చదివించారు. చెప్పాను. నమ్మలేదు. నమ్మించలేకపోయానని ఏడుపొచ్చింది. దాన్ని చూసి వాళ్ళు ఇంకా ఓదార్చారు.

27 జూన్

జనార్దనయ్య దగ్గరికి నేనే వెళ్ళాను. చట్టం ప్రకారం అంటురోగం మోసేవాడు ఆహార పదార్థాలు తాకరాదని నోటీసు ఇవ్వాలి. ఇవ్వండి అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఆ సెక్షను మీరే గదా సార్ నాకు మొన్న చదివి చెప్పింది అన్నాడు. ఇప్పుడు మీరు నాకు చదవండి అన్నాను. చదివాడు. మధ్యలో ఒక వరుస వదిలేశాడు. నేను అందించాను. చివర సంతకం పెట్టి, "ఇంటర్మిటెంటా సార్?" అని మెల్లగా అడిగాడు.

కాదు జనార్దనయ్యా, నేను ఇంట్లో ఉన్నప్పుడల్లా.

28 జూన్

రిపోర్టు వచ్చినరోజే అంతా రాసి పంపిన నా ఉత్తరానికి ప్రొఫెసరు గారి జవాబు వచ్చింది. ఆనందం పట్టలేకపోతున్నారు. పరిశోధించినవాడే మూలమని తేలిన కేసు ఆయన ఇంతవరకు వినలేదట. ఈ ఒక్క సంగతికే థీసిస్‌కు వంద మార్కులు ఇవ్వొచ్చన్నారు. పిత్తాశయం కోసి తీసేస్తే నయం కావచ్చట, కాకపోనూవచ్చట. సర్జన్‌తో మాట్లాడి పెట్టారట, వెంటనే రమ్మన్నారు.

మధ్యాహ్నం పందిరి తెరిచారు. నేను వసారాలో కూర్చుని చూశాను. అవ్వ ఒంటి చేత్తో చెంబు వంచుతూ ఉంది. తిరుపాలమ్మ దోసిలి పట్టింది. ఏమో అనింది, అవ్వ నవ్వింది. ఇంత దూరానికి వినబడలేదు.

1 జూలై, నెల్లూరు బస్సు

సంగం దాటాం. పక్కన ఒక తల్లి, వొళ్ళో ఏడాది నిండని బిడ్డ. టిక్కెట్టు తీయాలి, ఈ పాల చెంబు రోంత పట్టుకోయ్యా అంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఇస్త్రీ చొక్కాలోళ్ళకు పొగరు ఎక్కువలే అని చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది.

అవునమ్మా అన్నాను.